కొలిచే చేయి, సరిచూసే కన్ను

2023 అక్టోబరులో వెలువడిన ప్రపంచ ఆకలి సూచీ భారతదేశాన్ని 125 దేశాలలో 111వ స్థానంలో నిలిపింది. ఎత్తుకు తగ్గ బరువు లేని పిల్లలు 18.7 శాతమన్న అంచనాను అది లెక్కలోకి తీసుకున్నది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆ అంచనాను తోసిపుచ్చింది. అంగన్‌వాడీ కార్యకర్తలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్‌లో ఆ సంఖ్య ప్రతి నెలా 7.2 శాతం లోపే ఉన్నదని ప్రకటించింది. ఒకే దేశపు పిల్లలకు రెండు లెక్కలు ఎలా వచ్చాయో తెలియాలంటే యాప్ కంటే వెనక్కి వెళ్లాలి.

నైజీరియాలో పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ మార్లీ శిశువు బరువును నెలనెలా గుర్తించే కార్డుకు ప్రాచుర్యం కల్పించాడు. ఆ కార్డు తల్లి దగ్గరే ఉండేది. గీత పైకి సాగుతున్నదో, వాలుతున్నదో ఆమెకు కనిపించేది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కూడా పెరుగుదల పటాన్ని సాధనంగా స్వీకరించింది. అయితే అప్పటి వర్గీకరణకు ఆధారం అమెరికన్ పిల్లల కొలతలతో తయారైన హార్వర్డ్ ప్రమాణాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997-2003 మధ్య ఢిల్లీతో సహా ఆరు దేశాలలో సుమారు 8,500 మంది పిల్లలను పరిశీలించి, 2006లో కొత్త ప్రమాణాలను విడుదల చేసింది. 2008లో అంగన్‌వాడీలు వాటికి మారాయి. బిడ్డ బరువు మారకుండానే బిడ్డ చేరే వర్గం మారే వీలు ఏర్పడింది. లోపపోషణ సంఖ్య గీత ఎక్కడ గీశారన్న దానిపైనా ఆధారపడుతుందని ఆ మార్పు చాటింది.

2018లో పోషణ్ అభియాన్‌తో లెక్క ఫోన్‌లోకి చేరింది. 2021 మార్చి 1న పోషణ్ ట్రాకర్ వచ్చింది. అదే ఏడాది మహారాష్ట్రలో కార్యకర్తలు పనికిరాని ఫోన్లను ప్రభుత్వానికి తిప్పి ఇచ్చారు. యాప్ తమకు అర్థమయ్యే భాషలో లేదన్న వారి ఫిర్యాదు బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది.

సాఫ్ట్‌వేర్ గణితం సరళమైనది. వయసు, ఎత్తు, బరువు ఇస్తే ప్రమాణంతో పోల్చి చెబుతుంది. అసాధ్యమైన అంకెను పట్టుకోగలదు గాని, నమ్మదగినట్లున్న తప్పుడు అంకెను పట్టుకోలేదు. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి, ఆ పైన నిలబెట్టి కొలవాలి. ఈ రెండు పద్ధతులకే 0.7 సెంటీమీటరు తేడా ఉంటుంది. ఎత్తు తక్కువగా నమోదైతే బిడ్డ వయసుకు పొట్టిగానూ, ఆ ఎత్తుకు సరైన బరువుతోనూ కనిపిస్తుంది.

2024 జూన్ ట్రాకర్ లెక్కలో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు సుమారు 35 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ వారు 35.5 శాతమే. ఎత్తుకు తగ్గ బరువు లేనివారు మాత్రం ట్రాకర్‌లో దాదాపు 5 శాతం, సర్వేలో 19.3 శాతం. ట్రాకర్ అంగన్‌వాడీలో నమోదైన పిల్లలనే లెక్కిస్తుంది, సర్వే ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్తుంది. ఆ భేదాన్ని గుర్తించినా, ఒక కొలతలో ఇంత సామ్యం, మరొక కొలతలో ఇంత దూరం ఎందుకన్న ప్రశ్న మిగులుతుంది. కొలతలో లోపమా, నమోదులో లోపమా అన్నది అదే పిల్లలను వేరే చేతులతో తిరిగి కొలిస్తేనే తేలుతుంది.

అటువంటి స్వతంత్ర కొలతకు దేశంలో ఒకప్పుడు శాశ్వత ఏర్పాటు ఉండేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం పలు రాష్ట్రాలలో ప్రజల ఆహారాన్ని, శరీర కొలతలను దశాబ్దాల పాటు నమోదు చేసింది. 2015లో అది మూతపడింది. ఆహారం పెట్టే శాఖే కొలిచి, ఫలితాన్ని ప్రకటించి, భిన్నమైన సంఖ్యను ఖండించే స్థితిలో యాప్‌ను మెరుగుపరచినంత మాత్రాన విశ్వసనీయత రాదు. ట్రాకర్ లెక్కను ఏటా కొన్ని గ్రామాలలో బయటి నిపుణులు సరిచూసి, ఫలితాన్ని పార్లమెంటు ముందుంచాలి. తెరపై ఆకుపచ్చగా కనబడిన బిడ్డ నిజంగా బక్కచిక్కి ఉంటే, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది ఆ బిడ్డే.