సామాజిక ధాన్య నిధి (జహీరాబాద్)

సామాజిక ధాన్య నిధి అనునది తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లా (పూర్వపు మెదక్ జిల్లా) లోని జహీరాబాద్ ప్రాంతపు గ్రామాలలో పేద మహిళల సంఘాలు నెలకొల్పుకున్న ధాన్య బ్యాంకు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 1990వ దశకం మధ్యకాలంలో ఇది ప్రారంభమైనది. బీడు పడిన భూములను సాగులోకి తెచ్చి, వాటిలో పండిన జొన్నలో కొంత భాగాన్ని ఊరిలోనే నిల్వ చేసి, తిండికి కటకటగా ఉండే నెలలలో అదే ఊరి పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందజేయడం దీని ముఖ్యోద్దేశం. దీనిని ప్రత్యామ్నాయ ప్రజా పంపిణీ వ్యవస్థ అని కూడా పిలుస్తారు. బయటి నుండి వచ్చిన ఆహారాన్ని పంచిపెట్టడం కాక, ఆకలిని అనుభవించినవారే పండించి, దాచి, పంచుకోవడం ఈ నిధి ప్రత్యేకత.

నేపథ్యం

జహీరాబాద్ పట్టణం హైదరాబాదుకు పశ్చిమంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ముంబై వెళ్ళే జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు సమీపంలో ఉన్నది. ఇది దక్కను పీఠభూమిలోని మెట్ట ప్రాంతం. ఎర్ర నేలలు, నల్లరేగడి నేలలు రెండూ ఇక్కడ కనిపిస్తాయి. వ్యవసాయం చాలావరకు వర్షాధారం. తరతరాలుగా ఇక్కడి ప్రజల ప్రధాన ఆహారం జొన్నరొట్టె, జొన్న గటక. జొన్నతో పాటు సజ్జ, కొర్ర, సామ వంటి చిరుధాన్యాలను, కంది, పెసర, మినుము, అనుము, బెబ్బర వంటి పప్పుధాన్యాలను ఒకే చేనులో కలిపి పండించడం ఈ ప్రాంతపు ఆచారం.

1973లో ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ చేసిన భూసంస్కరణల చట్టం క్రింద, ఇతర ప్రభుత్వ పథకాల క్రింద ఇక్కడి దళిత కుటుంబాలు కొన్నింటికి ఒకటి రెండు ఎకరాల చొప్పున భూమి లభించినది. అయితే ఆ భూములు చాలావరకు రాళ్ళతో, గుట్టవాలులతో, సారం కోల్పోయిన నేలతో కూడినవి. వాటిని దున్నించడానికి ఎడ్లు గాని, ఎరువు తోలడానికి డబ్బు గాని ఆ కుటుంబాల వద్ద లేవు. అందువలన భూమి పట్టా చేతిలో ఉన్నప్పటికీ చేను మాత్రం పడావుగానే ఉండిపోయినది. భూమి గలవారే కూలికి పోయి పొట్ట పోసుకునే పరిస్థితి ఏర్పడినది.

1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదలకు పెద్ద ఆసరా అయినది. కాని మెట్ట ప్రాంతాలలో దీనికి మరొక పర్యవసానం కూడా కలిగినది. కొనుగోలు, పంపిణీ రెండూ వరి చుట్టూనే తిరగడంతో జొన్నకు ఆదరణ తగ్గినది. చవకగా బియ్యం దొరుకుతుండగా శ్రమపడి జొన్న పండించడం గిట్టుబాటు కాదనే భావన వ్యాపించినది. బీడు భూములు పెరిగినవి. జొన్న చొప్ప తగ్గినందున పశువుల మేతకు, పశువులు తగ్గినందున పొలాల ఎరువుకు కొరత వచ్చినది. రేషను బియ్యం నెలలో కొన్ని రోజులకు మాత్రమే సరిపోయేది. మిగిలిన రోజులకు ఊరిలో పండే పంట లేకుండా పోయినది.

ఆకలి నెలలు

వర్షాధార గ్రామాలలో ఆకలి సంవత్సరమంతా ఒకే తీరుగా ఉండదు. వానాకాలపు జొన్న పంట మార్గశిర మాస ప్రాంతంలోను, నల్లరేగడిలో వేసిన యాసంగి జొన్న మాఘ, ఫాల్గుణాలలోను ఇంటికి వస్తుంది. ఆ ధాన్యం వేసవి చివరికి అయిపోతుంది. ఆషాఢ, శ్రావణ, భాద్రపద మాసాలలో విత్తనం భూమిలో ఉంటుంది, గింజ ఇంట ఉండదు. ముసురు పట్టిన రోజులలో కూలి పని కూడా సరిగా దొరకదు.

పూర్వం ఈ నెలలలో పేదలు భూస్వాముల వద్ద ధాన్యం అప్పుగా తెచ్చుకునేవారు. ఈ పద్ధతిని తెలంగాణలో నాగు అంటారు. రెండు కుంచాలు తెచ్చుకున్నవారు పంట రాగానే మూడు కుంచాలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ, కొలిచి ఇవ్వవలసి వచ్చేది. ఇవ్వలేనివారు కుటుంబంలో ఒకరిని జీతానికి పెట్టేవారు. ఈ విధంగా కొన్ని వారాల ఆకలి కొన్ని సంవత్సరాల వెట్టిగా మారేది. ధాన్య నిధి ఏర్పాటుకు మూలకారణం ఈ అవసరమే.

సంఘాలు

దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఏర్పడినది. దీని కార్యక్షేత్రం జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా ఉన్న గ్రామాలు. దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా పనిచేసిన పి.వి.సతీష్ దీని వ్యవస్థాపకులలో ఒకరు. సంస్థ గ్రామగ్రామాన పేద మహిళలతో, ముఖ్యంగా దళిత మహిళలతో, సంఘాలను ఏర్పాటు చేసినది. స్థానికులు వీటిని సంగం అని పలుకుతారు. సుమారు 75 గ్రామాలలో 5,000 మంది మహిళలు వీటిలో సభ్యులైనారు. వీరిలో అత్యధికులు చదువు రానివారు, రెండు మూడు ఎకరాలకు మించి భూమి లేనివారు. విత్తనం, నేల, వాతావరణం గురించి వీరికి గల అనుభవజ్ఞానమే సంఘాల పనికి ఆధారమైనది.

పనిచేసే విధానం

ధాన్య నిధి 30కి పైగా గ్రామాలలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆర్థిక సహాయంతో ఆరంభమైనది. ఇది ఐదు దశలలో పనిచేసినది.

1. భూమి ఎంపిక: ప్రతి గ్రామంలో మహిళల కమిటీ ఏర్పడి, బీడుగా ఉన్న చిన్న కమతాలను గుర్తించినది. పర్యవేక్షణ కొరకు కమిటీ సభ్యురాళ్ళు ఈ చేలను తమలో తాము పంచుకున్నారు. సకాలంలో దున్నినదీ, ఎరువు వేసినదీ, కలుపు తీసినదీ వారే స్వయంగా వెళ్ళి చూసేవారు.

2. పెట్టుబడి: దుక్కి, పశువుల ఎరువు, విత్తనం, కలుపు తీత వంటి పనులకు రైతుకు విడతలుగా అప్పు ఇచ్చేవారు. ఒక పని పూర్తయిన తరువాతనే మరొక పనికి డబ్బు అందేది. రసాయనిక ఎరువులు, పురుగు మందులు వాడేవారు కారు.

3. తిరిగి చెల్లింపు: అప్పును డబ్బు రూపంలో కాక జొన్న రూపంలో, కొన్ని సంవత్సరాల పాటు విడతలవారీగా చెల్లించాలి. అంగడిలో ధర పడిపోయినప్పుడు అప్పు భారం పెరిగే ప్రమాదం దీనివలన తప్పినది. నిధికి ఇవ్వగా మిగిలిన గింజలు, అంతరపంటగా వచ్చిన పప్పులు, చొప్ప అంతా రైతుకే చెందుతుంది.

4. నిల్వ: సేకరించిన జొన్నను ఏ ఊరి ధాన్యం ఆ ఊరిలోనే నిల్వ చేస్తారు. వెదురుతో అల్లి పేడమట్టితో అలికిన గుమ్ములలో పోసి, పురుగు పట్టకుండా వేపాకు, బూడిద వేస్తారు. ధాన్యం దూరపు గిడ్డంగులకు వెళ్ళి తిరిగి రావలసిన అవసరం లేనందున రవాణా ఖర్చు, దారిలో తరుగు ఉండవు.

5. పంపిణీ: వానాకాలపు కరవు నెలలలో పేద కుటుంబాలకు కార్డుల ప్రకారం అంగడి ధర కంటే తక్కువకు జొన్న అమ్ముతారు. వచ్చిన సొమ్ము గ్రామ నిధిలో జమ అవుతుంది. ఆ సొమ్ముతో తరువాతి సంవత్సరాలలో మరికొన్ని బీడు భూములను సాగు చేయించవచ్చును. దీనిని బ్యాంకు అనడానికి గల కారణం ఇదే.

పేదల గుర్తింపు

ఎవరికి ధాన్యం ఇవ్వాలనే విషయంలో ఈ నిధి అనుసరించిన పద్ధతి గమనింపదగినది. ప్రభుత్వ పథకాలలో అప్పట్లో సాధారణంగా కుటుంబ ఆదాయాన్ని బట్టి తెల్లకార్డు ఇచ్చేవారు. కాని కూలి చేసుకునే కుటుంబానికి సంవత్సరాదాయం ఇంత అని చెప్పడం కష్టం. ధాన్య నిధి గ్రామాలలో ప్రజలు ఒకచోట చేరి, నేలమీద ఊరి పటం గీసి, ఇంటింటి పరిస్థితిని బహిరంగంగా చర్చించేవారు. ఇంటిలో సంపాదించేవారు ఎందరు, భూమి ఎటువంటిది, ఎవరైనా జీతానికి ఉన్నారా, ఒంటరి స్త్రీలు, వృద్ధులు ఉన్నారా, ఏ నెలలలో పూట గడవదు వంటి ప్రశ్నలే కొలబద్దలు. వీటిని బట్టి కుటుంబాలను తరగతులుగా విభజించి, కటిక పేదవారికి నెలకు ఎక్కువ, కొంత మెరుగైనవారికి తక్కువ ధాన్యం కేటాయించేవారు.

నిర్ణయం అందరి ఎదుట జరిగినందున అనర్హులు జాబితాలో చేరడం కష్టమైనది. అదే సమయంలో, ఇంతకాలం ఊరి పెద్దల ఇండ్లముందు చేయి చాచి నిలబడిన స్త్రీలే ధాన్యం లెక్కలు చూసేవారైనారు. నాగుకు ధాన్యం తెచ్చుకున్నది వారే, నిధి ధాన్యం కొలిచి ఇచ్చినది కూడా వారే.

ఫలితాలు

సంస్థ ప్రకటించిన వివరాల ప్రకారం మొదటి విడతలో సుమారు 2,600 ఎకరాలకు పైగా బీడు, నిస్సార భూములు సాగులోకి వచ్చినవి. మొదటి సంవత్సరంలోనే సుమారు 8 లక్షల కిలోల జొన్న అదనంగా పండినది. అనగా ఎకరాకు సుమారు 3 క్వింటాళ్ళు. సాగునీటి వరితో పోల్చిన ఈ దిగుబడి స్వల్పమే అయినప్పటికీ, అంతకుముందు ఆ నేలలో ఏమీ పండలేదన్న విషయం గుర్తుంచుకోవాలి.

ధాన్యంతో పాటు కలిగిన ఇతర ప్రయోజనాలు:
* దుక్కి, కలుపు, కోత పనుల వలన భూమిలేని కుటుంబాలకు సొంత ఊరిలోనే కూలి దొరికినది.
* చొప్ప లభించినందున పశుపోషణ, దానివలన పొలాలకు ఎరువు పెరిగినవి.
* అంతరపంటల వలన పప్పులు ఇంటి భోజనంలోకి వచ్చినవి.
* జొన్నలో పీచు, ఇనుము పాలిషు పట్టిన బియ్యం కంటే ఎక్కువగా ఉంటాయి.

విత్తన నిధి

ధాన్య నిధితో పాటు సంఘాలు విత్తన నిధిని కూడా నిర్వహించినవి. పచ్చజొన్న, తెల్లజొన్న మొదలుకొని అనేక పాత పంటల విత్తనాలను సభ్యురాళ్ళు తమ ఇండ్లలోనే భద్రపరిచేవారు. విత్తనం తీసుకున్నవారు పంట వచ్చిన తరువాత తీసుకున్నదానికంటే ఎక్కువ కొలతతో తిరిగి ఇస్తారు. పైకి ఇది నాగును పోలియున్నట్లు కనిపించినా, అదనపు గింజ ఒక భూస్వామి గాదెకు కాక మరొక పేద రైతు చేనుకు చేరుతుంది. ప్రతి సంవత్సరం సంక్రాంతి నుండి సుమారు నెలరోజులు ఎడ్లబండ్లపై విత్తనాలతో ఊరూరా సాగే పాత పంటల జాతర ఈ కృషిలో భాగమే.

ఆహార బ్యాంకులతో పోలిక

ప్రపంచంలో మొదటి ఆహార బ్యాంకుగా పేరొందిన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్‌ను అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 1967లో జాన్ వాన్ హెంగెల్ స్థాపించాడు. దుకాణాలలో, తోటలలో మిగిలిపోయి వృథా అయ్యే తినదగిన ఆహారాన్ని సేకరించి, నిల్వ చేసి, సేవాసంస్థల ద్వారా పేదలకు చేర్చడం దాని పద్ధతి. మిగులు ఎక్కువగా ఉన్న సమాజాలలో ఈ పద్ధతి త్వరగా వ్యాపించినది. తెలుగునాట లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ (1841–1909) వంటివారి అన్నదానం మరొక సంప్రదాయం. ఆకలిగొన్నవానికి ఆ పూట అన్నం పెట్టడంలో ఈ రెండింటికీ సాటి లేదు.

జహీరాబాద్ గ్రామాలలో పంచడానికి మిగులు ఆహారమే లేదు. అందువలన ఇక్కడి నిధి ఆహార ఉత్పత్తితో ఆరంభమైనది. 1996-97లో కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాలలో గ్రామ ధాన్య బ్యాంకుల పథకాన్ని ప్రవేశపెట్టినది. అందులో ధాన్యం బయటి నుండి సమకూర్చి అప్పుగా ఇచ్చేవారు. ధాన్యాన్ని ఊరి బీడు భూములలోనే పండించడం వీటికీ ధాన్య నిధికీ గల ముఖ్యమైన భేదం.

పరిమితులు

వర్షాధార పంట కనుక వరుసగా వానలు తప్పిన సంవత్సరాలలో అప్పు చెల్లింపు, ధాన్య సేకరణ రెండూ దెబ్బతింటాయి. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఆకలి ఎక్కువ. కనుక ఇటువంటి నిధి రేషను దుకాణానికి తోడు కాగలదే గాని దాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమించలేదు. యువతరం వరి అన్నానికి అలవాటుపడటం, చెరకు, ప్రత్తి వంటి వాణిజ్య పంటల విస్తరణ ఇతర ఇబ్బందులు. న్యాల్కల్, ఝరాసంగం మండలాలలో పారిశ్రామిక మండలి కొరకు జరిగిన భూసేకరణ ఈ ప్రాంతంలో భూమి ప్రశ్నను మరల ముందుకు తెచ్చినది. భూమి చేజారితే ధాన్య నిధికి ఆధారమే ఉండదు.

తదనంతర పరిణామాలు

2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో కిలో 3 రూపాయల బియ్యం, 2 రూపాయల గోధుమలతో పాటు 1 రూపాయికి ముతక ధాన్యాలను కూడా చేర్చారు. చిరుధాన్యాలను ప్రజా పంపిణీలో చేర్చవలెనని జహీరాబాద్ సంఘాలు అంతకు ఎన్నో ఏండ్ల ముందు నుండి కోరుతూ వచ్చినవి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించినది. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించినది. అదే సంవత్సరం మార్చి 19న పి.వి.సతీష్ మరణించాడు.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుండి రేషను దుకాణాలలో సన్నబియ్యం పంపిణీ ప్రారంభించినది. చట్టంలో చోటు లభించినప్పటికీ, మెట్ట ప్రాంతపు రేషను సంచిలో ప్రధాన ధాన్యం బియ్యమే. ఊరి చేనులో పండిన జొన్నను ఊరి పేదకు రేషనుగా ఇవ్వవచ్చునని 30కి పైగా గ్రామాల మహిళలు ఆచరణలో చూపియున్నారు.

ఇవి కూడా చూడండి
* జహీరాబాద్
* జొన్న
* చిరుధాన్యాలు
* ప్రజా పంపిణీ వ్యవస్థ
* డొక్కా సీతమ్మ