మన పెరట్లోకి నారు వచ్చిన దారి

మన అవ్వలకు మొక్కను ఎంచడం కన్నా గింజను ఎంచడం బాగా తెలుసు. వాళ్ల పెరడు అలాంటిది. చిక్కుడు, ఆనప, బీర, దోస, గుమ్మడి అన్నీ గింజ పెట్టి పాదు చేసేవే. పసుపు, అల్లం, చేమ, పెండలం దుంపతో వచ్చేవి. నారు పోసి, పీకి, మళ్లీ నాటే పని వంగలాంటి ఒకటి రెండింటికే. కాబట్టి ఎంపికంతా గింజ దగ్గరే జరిగిపోయేది. బలమైన తీగ మీద పుచ్చులేని, నిండైన కాయను కోయకుండా వదిలి అక్కడే ఎండనిచ్చేవాళ్లు. ఆ గింజల్ని బూడిదలో కలిపి, ఆనపబుర్రలో పోసి, పొయ్యి పొగ తగిలేచోట వేలాడదీసేవాళ్లు. పురుగు పట్టేది కాదు.

కోయలకు విజ్జ పండుం ఉంది, విశాఖ మన్యంలో ఇటుకల పండగ ఉంది. విత్తనం నేలలో పడేముందు దేవత ముందుకు వెళ్లాలి. దీన్ని నమ్మకం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లున్నారు. మేం ఇంకోలా చూస్తాం. పది ఇళ్ల గింజలు ఒకచోటికి వస్తే ఎవరి గింజ నిండుగా ఉందో ఎవరిది పుచ్చిందో పది ఇళ్లూ చూస్తాయి.

అలాగని పాత పెరట్లోవన్నీ ఇక్కడే పుట్టాయనుకోవద్దు. మిరప, మొక్కజొన్న, పొగాకు, బొప్పాయి, పైన చెప్పిన గుమ్మడి కూడా, అమెరికా ఖండాలవి. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు తిరగడం మొదలయ్యాకే ఇవి మన దేశం చేరాయి. ఆ తర్వాత ఎప్పుడో కొండెక్కాయి. నచ్చినవి ఉంచుకున్నాం. అవి గింజగానే వచ్చాయి కాబట్టి ఎంచే పని మన ఆడవాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు పెరిగాయి. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. పోడు కుదించుకుపోయినకొద్దీ ఇంటిచుట్టూ ఉన్న నాలుగు సెంట్ల మీద కూటి భారం పెరిగిందని మా అభిప్రాయం.

మొక్కను మొక్కగానే బయటినుంచి తెచ్చి నాటే అలవాటు పెద్దయెత్తున మొదలైంది కాఫీతో. తూర్పు కనుమల్లో దాన్ని మొదట 1898లో పాములేరు లోయలో బ్రిటిష్‌వాళ్లు నాటారని చెబుతారు. 1960 నుంచి అటవీశాఖ విశాఖ మన్యంలో తోటలు వేసింది. తర్వాత ఐటీడీఏల ద్వారా కాఫీ మన సొంత భూముల్లోకి వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కిన సంగతి అందరూ చెప్పుకుంటారు. ఆ నర్సరీల్లో కూలికెళ్లిన ఆడవాళ్లు నేర్చుకున్న విద్య గురించి మాత్రం ఎవరూ రాయలేదు. కాఫీ గింజ మొలిచి, తలమీద పొట్టు టోపీలా నిలబడ్డప్పుడు దాన్ని మడిలోంచి తీసి సంచిలోకి మారుస్తారు. అప్పుడే తల్లివేరు చూడాలి. కొక్కెంలా వంగిందా, రెండుగా చీలిందా, పక్కన పారేయాలి. జాలిపడి నాటితే రెండు మూడేళ్లు బాగానే కనిపిస్తుంది, తర్వాత ఒక ఎండాకాలం పసుపెక్కి పోతుంది. పైన ఆకు పచ్చగా ఉంటే చాలదు, కింద వేరు చూడాలన్న పాఠం మనకు అలా కూలిపనిలో వచ్చింది.

ఆ పాఠం పెరటిదాకా రావడానికి చాలాకాలం పట్టింది. మా ఊరికి ఒకసారి లారీలో మామిడి అంట్లు దిగాయి. ఇంటికి ఇన్ని అని పంచారు, వేలిముద్ర వేయించుకున్నారు, వెళ్లిపోయారు. ఏది కావాలని ఎవరినీ అడగలేదు. మేమూ ఊరికే వచ్చిందని తీసుకున్నాం. కొన్నింటికి అంటు కట్టినచోట పైకొమ్మ అప్పటికే ఎండిపోయింది. కిందనుంచి వచ్చిన చిగురు చూసి బతికిందని మురిసిపోయాం. ఆ చిగురు అంటుది కాదు, కింద ఉన్న నాటు టెంకమొక్కది. ఏళ్ల తరబడి నీళ్లు మోసి పెంచితే పచ్చడికి తప్ప పనికిరాని పుల్లకాయ కాసింది. అంటు అతుకు గట్టిగా కలిసిందా, చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కాండాన్ని నొక్కేస్తోందా, చిగురు అతుకుకు పైనుంచి వస్తోందా కిందనుంచా అని చూసుంటే ఆ నీళ్లు మిగిలేవి.

ఇప్పుడు సంతలో టమాటా, మిరప నారు కట్టలు కట్టలుగా దొరుకుతోంది. పొడవుగా ఉన్నదాన్నే మనవాళ్లు ఏరుకుంటారు. నీడలో సాగిన నారు పొడవుగానే ఉంటుంది, గాలికి పడిపోతుంది. పొట్టిగా, కాండం లావుగా, కణుపులు దగ్గరగా ఉన్నది మేలు. టమాటా నారు 25 నుంచి 30 రోజులది, మిరప 40 రోజుల అటూ ఇటూది చాలు. పూత వచ్చిన నారు ముదిరినట్టే. ఆకు తిప్పి అడుగున తెల్లదోమ ఉందేమో చూడాలి. ఆకు ముడత పడిన మొక్క ఒక్కటి తెచ్చినా పెరడంతా పాకుతుంది. మొదలు దగ్గర నల్లగా మెత్తబడితే నారుకుళ్లు. వేర్లు తెల్లగా ఉండాలి. వాటిమీద ముడులుంటే నులిపురుగు, అది మన మట్టిలోకి దిగితే వదిలించుకోవడం చాలా కష్టం.

మామిడి దెబ్బ తర్వాత మా ఊళ్లో ఒక అలవాటు పడింది. ఏ పథకం మొక్కలొచ్చినా దించకముందే ఒక సంచి మేం ఎంచి తీసి, అందరి ముందూ కత్తితో కోస్తాం. వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే బండి వెనక్కి తిప్పమంటాం. మొదటిసారి తెచ్చినవాళ్లకు కోపం వచ్చింది. రెండోసారి వాళ్లే కత్తి అడిగారు. ఈ మధ్య బడి తోటకు వంగనారు తెచ్చినప్పుడు పంతులుగారు ఆ పని పిల్లలకు అప్పగించారు. వాళ్లు పదకొండు మొక్కలు పక్కన పెట్టారు. అందులో రెండు బాగానే ఉన్నాయని మా అవ్వ ఏరి తీసుకుని, ఇంటి దగ్గర నాటుకుంది.