కరాటే దుస్తు: ఎంపిక, కొలత, సంరక్షణ

హిందూపురం, గౌరీబిదనూరు, బాగేపల్లి వంటి సరిహద్దు ప్రాంతాల నుండి ఉపాధి నిమిత్తం బెంగళూరు చేరిన కుటుంబాలలో, పిల్లలను సాయంకాలం కరాటే తరగతికి పంపే తల్లిదండ్రులు నేడు తక్కువేమీ కాదు. ఆడపిల్లల ఆత్మరక్షణ శిక్షణకు ప్రభుత్వాలు కూడా ప్రాధాన్యమిస్తున్నాయి. వసతి గృహాల, గురుకులాల బాలికలకు కర్ణాటక ప్రభుత్వం 2022లో ప్రకటించిన శిక్షణ పథకానికి, రోకలి చేతబట్టి చిత్రదుర్గం కోటలో శత్రువులను ఎదిరించిన ఒనకె ఓబవ్వ పేరు పెట్టారు. కన్నడంలో ఒనకె అంటే రోకలి. అయితే శిక్షణలో చేరిన మొదటి వారంలోనే ఇంటికి ఒక ఖర్చు ఎదురవుతుంది. అదే తెల్లని కరాటే దుస్తు. తొందరలో కొన్న దుస్తు మూడు ఉతుకులకే బిగుసుకుపోయి, రెండవసారి డబ్బు పెట్టలేక పిల్లను మాన్పించిన ఇళ్లు ఉన్నాయి. కనుక ఈ విషయం కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం.

జపాను భాషలో ఈ దుస్తును కరాటే గి అంటారు. పై అంగీ ఉవాగి, లాగు జుబోన్, నడికట్టు ఓబి. ఇది అనాదిగా వస్తున్న వేషమని పలువురు అనుకుంటారు గాని, అది నిజం కాదు. ఒకినావా ద్వీపంలో కరాటేను అభ్యసించినవారు మామూలు దుస్తులతోనే అభ్యసించారు. 1922లో గిచిన్ ఫునకోషి టోక్యో నగరంలో ఈ విద్యను ప్రదర్శించిన తరువాత, జిగొరో కానో రూపొందించిన జూడో దుస్తును అనుసరించి, దానికంటే తేలికగా కరాటే దుస్తు రూపుదిద్దుకొన్నది. రంగు నడికట్లతో శిష్యుల స్థాయిని తెలిపే పద్ధతికి కూడా మూలం జూడోయే.

ఈ చరిత్ర దుకాణంలో అక్కరకు వస్తుంది. జూడో దుస్తు, తైక్వాండో దుస్తు, కరాటే దుస్తు మూడూ దూరం నుండి ఒకే తీరుగా కనిపిస్తాయి. జూడో అంగీ బియ్యపు గింజలు పేర్చినట్లుండే దళసరి నేతతో, పట్టి లాగినా చిరగనంత మందంగా ఉంటుంది. పోటీలలో వాడే తైక్వాండో అంగీకి ముందు భాగం తెరచి ఉండదు, మెడ మీదుగా తొడుక్కోవాలి. కరాటే అంగీ ముందు తెరచి ఉండి, పక్కన నాడాలతో కట్టుకొనేది. "అన్నీ ఒకటే సార్, తీసుకోండి" అనే మాటకు లొంగిపోకుండా నాడాలు ఉన్నవో లేవో చూడాలి. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల ప్రకారం నాడాలు లేని అంగీ పోటీకి పనికిరాదు.

ఇక గుడ్డ. దీని బరువును చదరపు గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు. ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు. ఎనిమిది ఔన్సుల గుడ్డ తేలికైనది, పన్నెండు, పద్నాలుగు ఔన్సులది దళసరి. దళసరి నూలు అంగీ చేయి విసిరినప్పుడు చటుక్కుమని శబ్దం చేస్తుంది. కతా ప్రదర్శించే అనుభవజ్ఞులు దానిని ఇష్టపడతారు. కొత్తగా చేరిన పదేళ్ల బాలునికి ఆ శబ్దంతో పని లేదు. తేలిక గుడ్డ చాలు. అది త్వరగా ఆరుతుంది, వెలా తక్కువ.

నూలా, పాలియెస్టర్ కలిసిన గుడ్డా అన్నది మరో ప్రశ్న. నూలు చెమటను పీల్చుకొంటుంది గాని కుదించుకుపోతుంది. మిశ్రమ గుడ్డ అంతగా కుదించుకోదు, ఇస్త్రీ శ్రమ తక్కువ, అయితే వేసవిలో ఉక్క. అతుకు లోపలి నుండి ఒక్క పోగు లాగి వెలిగిస్తే సంగతి తేలుతుంది. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ పరీక్ష పెద్దలు మాత్రమే, దుస్తుకు దూరంగా చేయాలి.

కొలత విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. దుస్తుపై ఉండే సంఖ్య సాధారణంగా ధరించేవారి ఎత్తును సూచిస్తుంది: 0 అంటే 130 సెంటీమీటర్లు, 1 అంటే 140, 2 అంటే 150 అన్నది పలువురు పాటించే లెక్క. తయారీదారును బట్టి ఇది మారుతుంది కనుక పిల్లల ఎత్తును సెంటీమీటర్లలో రాసుకొని వెళ్లడం మేలు. నూలు గుడ్డ నూటికి ఐదు పాళ్లు కుదించుకొంటే, 80 సెంటీమీటర్ల లాగు 76 సెంటీమీటర్లకు వస్తుంది. చీలమండ దగ్గర ఉండవలసిన అంచు పైకి పోతుంది. అందువల్ల నూలుదైతే ఒక సంఖ్య పెద్దది తీసుకోవచ్చు. రెండు మూడు సంఖ్యలు పెద్దది కొని "పెరిగే పిల్లవాడే కదా" అనుకోవడం మాత్రం ప్రమాదకరం. కాలు విసిరేటప్పుడు పొడవైన లాగు పాదాల కిందికి వచ్చి పిల్లలు పడిపోతారు.

సమాఖ్య నియమాలు ఇలా ఉన్నాయి. అంగీ తుంటిని కప్పాలి గాని తొడలో ముప్పాతిక భాగం దాటరాదు. చేతులు ముంజేతి సగం వరకైనా రావాలి, మణికట్టు దాటరాదు. లాగు పిక్కల వద్ద మూడింట రెండు వంతులు కప్పాలి, చీలమండ దాటరాదు. చేతులు, లాగు పైకి మడిచి పోటీకి దిగకూడదు. ఊరిలో మడతలు పెట్టుకొని సాధన చేసిన పిల్లవానికి పోటీ రోజున ఇది తెలియడం బాధాకరం. అంచును రెండు మూడు అంగుళాలు లోపలికి మడిచి చేతి కుట్టు వేస్తే చాలు. పిల్లలు ఎదిగిన కొద్దీ విప్పుకోవచ్చు.

దర్జీచేత కుట్టించుకోవడం కూడా మంచి మార్గమే. చిక్‌పేటలో తెల్లని నూలు డ్రిల్లు గుడ్డ కొన్నవారు, దానిని ఒక రాత్రి నీటిలో నానబెట్టి ఆరిన తరువాతనే కత్తెరకు ఇవ్వాలి. తొడల నడుమ అతుకు గుడ్డ వేయించడం, ఆ చోట, చంకల వద్ద రెండు మూడు వరుసల కుట్టు వేయించడం మరువరాదు. దుస్తు మొదట చిరిగేది అక్కడే. బడి చిహ్నం, గుర్తులు ఎక్కడ ఉండాలో గురువును ముందుగా అడగాలి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పవలసి ఉంది. చెమటకు పలుచని తెల్ల గుడ్డ ఒంటికి అంటుకొంటుంది. సిగ్గుతో తరగతి మానేసే పిల్లలు కారణం చెప్పరు. అంగీ లోపల సాదా తెల్లని టీషర్టు ధరించడానికి బాలికలకు పోటీలలోనూ అనుమతి ఉంది. లాగు మాత్రం దళసరి గుడ్డతో కుట్టించి, లోపల ముదురు రంగు కాక ఒంటి రంగుకు దగ్గరగా ఉండే పొట్టి లాగు వేయించాలి. తెల్లని గుడ్డ కింద తెలుపు కంటే ఆ రంగే తక్కువగా కనిపిస్తుంది. నెలసరి రోజులలో శిక్షణకు వెళ్లడమా మానడమా అన్నది ఆ పిల్ల ఇష్టానికి వదలాలి. వెళతానంటే నల్లని లాగుకు ఆ రోజులలో గురువు అనుమతిని తల్లి ముందే అడిగి ఉంచడం మంచిది. పిల్లచేత అడిగించరాదు.

అంగీని మగపిల్లలైనా ఆడపిల్లలైనా ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. కుడి అంచు పైకి వేయడం జపానులో మృతులకు చేసే అలంకారం.

ఉతకడం సులువే, వాయిదా వేయడమే కష్టం తెచ్చేది. చెమట దుస్తును సంచిలో రాత్రంతా ఉంచితే వాసన, మచ్చలు స్థిరపడతాయి. వెంటనే ఉతకలేకపోతే విప్పి ఆరవేయాలి. రక్తపు మరకకు చల్లని నీరే వాడాలి. వేడినీరు మరకను గట్టిపరుస్తుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబారుతుంది, కంగారుపడనక్కరలేదు, ఉతికి ఎండలో వేస్తే క్రమంగా పోతుంది. బోరుబావుల ఉప్పునీటిలో సబ్బు నురగ రాదు, తెల్లగుడ్డ బూడిద రంగుకు తిరుగుతుంది. అటువంటి చోట బట్టల సబ్బుకు బదులు డిటర్జెంటు పొడి వాడి, చివరి జాడింపుకైనా వాననీరు గాని మంచినీరు గాని ఉంచుకోవాలి. బ్లీచింగ్ తరచుగా వాడితే నూలు పోగులు బలహీనపడతాయి. కొద్దిగా నీలిమందు చాలు. గంజి పెట్టి పెళపెళలాడించడం చూడముచ్చటే గాని, చెమటకు అది జిగురై మెడను ఒరుస్తుంది. పరీక్ష రోజున ముచ్చటపడితే పలుచగా పెట్టవచ్చు.

రంగు నడికట్టును దుస్తుతో కలిపి ఎన్నడూ నానవేయరాదు. ఎర్ర, నీలి రంగులు దిగి తెల్లని అంగీ పాడవుతుంది. నడికట్టు ఉతకకూడదన్న ఆచారం కొన్ని శిక్షణాలయాలలో ఉంది. దానిని గౌరవిస్తూనే, చెమట వాసన వచ్చినప్పుడు నీడన గాలికి ఆరవేయవచ్చు. మరీ మాసితే చల్లని నీటిలో విడిగా జాడించడంలో తప్పు లేదు. జూన్ నుండి అక్టోబరు వరకు బెంగళూరులో బట్టలు త్వరగా ఆరవు, తడి ఆరకుండా మడిచిన దుస్తుపై బూజు నల్లచుక్కలు పడతాయి, అవి పోవు. వారానికి మూడు రోజులకు మించి తరగతి ఉన్నవారికి ఆ నెలలలో రెండవ లాగు ఒకటి ఉంటే మేలు. అంగీ కంటే లాగే ముందు చిరుగుతుంది గనుక, కొన్నిచోట్ల దానిని విడిగా కూడా అమ్ముతారు.