దుగా రాడార్ కేంద్రం

ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రానికి చేరువలో, అడవి మధ్య పాడుబడి ఉన్న సోవియట్ సైనిక రాడార్ కేంద్రం. ఉక్కు స్తంభాలపై రెండు యాంటెన్నా వరుసలున్నాయి. పెద్దదాని ఎత్తు సుమారు 150 మీటర్లు, పొడవు దాదాపు 700 మీటర్లు. పక్కనే సైనిక సిబ్బంది కోసం కట్టిన చెర్నోబిల్-2 పట్టణాన్ని నాటి పటాలలో పిల్లల శిబిరంగా చూపేవారు.

భూమి వంపు చాటున ఉన్నవి మామూలు రాడార్‌కు చిక్కవు. షార్ట్‌వేవ్ తరంగాలు మాత్రం అయనావరణాన్ని తాకి దూరతీరాలకు దిగుతాయి. అక్కడ చెదిరిన తరంగాల్లో కొన్ని వచ్చిన దారినే వెనక్కి వస్తాయని నికొలాయ్ కబానోవ్ 1947లో గుర్తించాడు. మికొలాయివ్ దగ్గర ప్రయోగాత్మక కేంద్రం నడిచాక, ఫ్రాంజ్ కుజ్మిన్‌స్కీ నేతృత్వంలో దుగా రూపుదిద్దుకుంది.

1976 జులైలో ప్రపంచమంతటా షార్ట్‌వేవ్ రేడియోల్లో టకటకమనే చప్పుడు మొదలైంది. సెకనుకు 10 సార్లు, ఒకసారి ఒక పౌనఃపున్యంలో, మరోసారి ఇంకో పౌనఃపున్యంలో వినవచ్చేది. ప్రసారాలు, హామ్ రేడియో సంభాషణలు దాని ధాటికి చెదిరిపోయేవి. దీనికి ‘రష్యన్ వడ్రంగి పిట్ట’ అని పేరు పడింది. అనేక దేశాలు ఫిర్యాదు చేసినా మాస్కో పెదవి విప్పలేదు. దాంతో మనుషుల మనసులను లోబరుచుకునే యంత్రమని, వాతావరణాన్ని మార్చే ప్రయోగమని ఊహలు పుట్టాయి.

హామ్ ఔత్సాహికులు మాత్రం ఓపికగా కొలతలకు దిగారు. యాంటెన్నాను తిప్పుతూ చప్పుడు ఏ దిక్కున బలంగా వస్తోందో రాసుకున్నారు. వేర్వేరు చోట్ల నుంచి పటంపై గీసిన గీతలు సోవియట్ ఉక్రెయిన్‌లో కలిశాయి. చప్పుడు తీరులోనూ ఆధారం ఉంది. సెకనులో పదో వంతు కాలంలో రేడియో తరంగం 30,000 కిలోమీటర్లు పోతుంది. అంటే 15,000 కిలోమీటర్ల దూరంలోని వస్తువును తాకిన ప్రతిధ్వని కూడా తర్వాతి స్పందం (పల్స్) బయల్దేరేలోగా తిరిగిరాగలదు. అమెరికా నుంచి లేచే ఖండాంతర క్షిపణులను పసిగట్టే రాడార్‌కు ఇది చక్కగా సరిపోతుంది. సోవియట్ పతనం తర్వాత వెల్లడైన వివరాలు ఈ అంచనానే బలపరిచాయి. ఏ అధికారమూ లేని శ్రోతలు సాధించిన ఈ ఫలితం మెచ్చదగ్గది.

ఉత్తర ధ్రువం మీదుగా చూడవలసి రావడంతో ధ్రువకాంతుల అలజడి రాడార్‌ను వేధించేది. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదంతో ఈ ప్రాంతం నిషిద్ధ మండలంలో పడింది. దూరప్రాచ్యంలో కొమ్సొమోల్స్క్ సమీపాన దుగాకు జంటగా మరో కేంద్రం ఉండేది. 1989 డిసెంబరు నాటికి గాలిలో ఆ చప్పుడు ఆగిపోయింది. బ్రిటన్‌లోని ఆర్ఫర్డ్ నెస్‌లో ఇదే తరహా కోబ్రా మిస్ట్ రాడార్ అంతుచిక్కని రొదతో 1973లోనే మూతపడింది.

2022 వరకు సందర్శకులు ఫొటోలు తీసుకుంటూ వచ్చిన చెర్నోబిల్ కట్టడం నిజానికి వినికిడి భాగం మాత్రమే. టకటక వెలువడింది సుమారు 60 కిలోమీటర్ల దూరాన, లూబెచ్ దగ్గరున్న ప్రసార కేంద్రం నుంచి.