ఓట్లతో చెరపలేని పేరు

ప్రజాస్వామ్యం అంటే ఎక్కువమంది చెప్పిందే చట్టం అని నేను మొన్నమొన్నటి దాకా అనుకునేదాన్ని. క్లాస్ లీడర్ని ఎన్నుకునేటప్పుడు మేమూ అదే చేస్తాం కదా. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే అనే చిన్న దేశం చరిత్ర చదివాక నాకు సందేహం వచ్చింది.

1976లో ఉరుగ్వే, దాని పక్కనున్న అర్జెంటీనా రెండూ సైనిక పాలనలో ఉన్నాయి. ఆ ప్రాంతపు సైనిక ప్రభుత్వాలు తమను ఎదిరించినవాళ్లను పట్టుకోవడానికి సరిహద్దులు దాటి ఒకరికొకరు సాయపడేవి. ఆ రహస్య ఏర్పాటు పేరు ఆపరేషన్ కాండోర్. అదే ఏడాది ఆగస్టులో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో ఒక యువజంటను ఎత్తుకుపోయారు. భర్త మార్సెలోకి 20 ఏళ్లు, భార్య మరియా క్లౌడియాకి 19. ఆమె అప్పటికి ఏడు నెలల గర్భిణి. మార్సెలోని చంపేశారు. ఆమెను మాత్రం ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోకి తీసుకెళ్లారు. అక్కడ ఆడపిల్ల పుట్టింది. తల్లి మళ్లీ ఎవరికీ కనబడలేదు. 1977 జనవరిలో పసిపాపను బుట్టలో పెట్టి ఒక పోలీసు అధికారి ఇంటి గుమ్మం దగ్గర వదిలారు. వాళ్లకు పిల్లల్లేరు, తమ బిడ్డగానే పెంచుకున్నారు.

పిల్లల్ని అక్రమంగా దేశం దాటిస్తే వెనక్కి పంపించడానికి 1980లో హేగ్ ఒప్పందం వచ్చింది. అది ఎక్కువగా తల్లిదండ్రుల గొడవల కోసం. ఇక్కడ ఎత్తుకుపోయింది ప్రభుత్వాలే. పైగా బిడ్డ సరిహద్దు దాటింది తల్లి కడుపులో ఉండగా!

మార్సెలో తండ్రి హువాన్ గెల్మన్ పేరున్న కవి. కొడుకు అవశేషాలు 1989లో దొరికాయి, సిమెంటు నింపిన పీపాలో. ఆ తర్వాత కూడా ఆయన వెతకడం మానలేదు. 1995లో మనవడో మనవరాలో కూడా తెలియని ఆ బిడ్డకి పత్రికలో బహిరంగ లేఖ రాశారు. చిరునామా లేని ఉత్తరం అన్నమాట. చివరికి 2000లో మకరేనా దొరికింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. డీఎన్‌ఏ పరీక్షలో తాతా మనవరాళ్లని తేలింది.

మరి తప్పు చేసినవాళ్లకి శిక్ష? అక్కడే చిక్కు వచ్చింది. 1986లోనే ఉరుగ్వే పార్లమెంటు సైనికుల్ని, పోలీసుల్ని పాత నేరాలకి శిక్షించకుండా చట్టం చేసింది. దాన్ని తీసెయ్యాలా అని 1989లో జనాన్ని అడిగితే ఎక్కువమంది ఉంచమన్నారు. 2009లో మళ్లీ ఓటు పెట్టారు. రద్దు చేయమన్నవాళ్లు దాదాపు 48 శాతమే, సగం దాటలేదు. ఆ ఓటర్లందరూ చెడ్డవాళ్లని నేననను. సైన్యం మళ్లీ తిరగబడుతుందన్న భయం మొదట్లో నిజంగానే ఉండేది.

మకరేనా, తాతయ్య కలిసి దేశం బయటికి వెళ్లి న్యాయం అడిగారు. 2011 ఫిబ్రవరి 24న అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ చట్టం చెల్లదంది. ప్రాథమిక హక్కుల్ని తీసెయ్యడం మెజారిటీ చేతుల్లో కూడా లేదంది. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద మాట అనిపించింది. మా బడి సంగతే చూడండి. ఈ రాష్ట్రంలో తెలుగువాళ్లం తక్కువమందిమి. మా బడి ఉండాలా వద్దా అని ఊళ్లో ఓటు పెడితే ఏమవుతుందో! రాజ్యాంగంలో 30వ అధికరణం ఉంది కాబట్టి ఆ ప్రశ్న ఓటుదాకా పోదు.

పిల్లలకి తమ పేరు, జాతీయత, కుటుంబ బంధాలు కాపాడుకునే హక్కుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 8వ అధికరణం చెప్తుంది. ఇలా పోయిన మనవల కోసం వెతుకుతున్న అర్జెంటీనా అమ్మమ్మలు, నానమ్మలు పట్టుబట్టడం వల్లే అది చేరింది. మన దేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది.

2012 మార్చిలో ఉరుగ్వే అధ్యక్షుడు హోసే ముహికా పార్లమెంటులో నిలబడి ఆ నేరానికి ప్రభుత్వానిదే బాధ్యత అని ఒప్పుకున్నారు. ఆయన కూడా ఆ సైనిక పాలనలో ఏళ్ల తరబడి జైల్లో మగ్గినవాడే. తరువాత మకరేనా అదే పార్లమెంటుకి ఎన్నికైంది.

ఉరుగ్వేలో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ పెట్టుకుంటారు. ఆమె ఇప్పుడు మకరేనా గెల్మన్ గార్సియా. గార్సియా అమ్మ పేరు. తీర్పు వచ్చేనాటికి కూడా ఆ అమ్మ ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.