టెకమ్సే పిల్లలకు వేసిన సూది

సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో మందుల షాపుల్లో, కిరాణా స్టోర్లలో ఫ్లూ టీకా బోర్డులు వేలాడతాయి. జలుబూ జ్వరానికి సూదేమిట్రా, మిరియాల కషాయం తాగి ముసుగు తన్ని పడుకోక, అని మా పెద్దత్తయ్య ఫోన్లో నవ్వుతుంది. ఈ దేశం ఆ సూది దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే, మేముండే ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయం గురించి కాస్త చెప్పాలి.

1918 సెప్టెంబరులో, ఫ్లూ మహమ్మారి చెలరేగినప్పుడు, ఈ విశ్వవిద్యాలయం వైద్య కళాశాల డీన్ విక్టర్ వాన్ బోస్టన్ దగ్గర క్యాంప్ డెవెన్స్ అనే సైనిక శిబిరానికి వెళ్లాడు. నిన్నటిదాకా కవాతు చేసిన కుర్రాళ్లు నీలం తిరిగిన ముఖాలతో వార్డుల్లోకి వస్తున్నారు; తెల్లారేసరికి శవాల గదిలో కట్టెల్లా పేర్చి ఉంటున్నారు. అంటురోగాల మీద దేశంలోనే పేరున్న వైద్యుడాయన. అయినా చేయగలిగింది ఏమీ లేకపోయింది. అది వైరస్ పని అనే సంగతే అప్పటికి ఎవరికీ తెలియదు. అమెరికాలో దాదాపు 6 లక్షల 75 వేలమంది పోయారు. మన దేశంలో కోటికి పైనే.

1941లో ఫ్లూ వైరస్ పరిశోధకుడు థామస్ ఫ్రాన్సిస్ ఈ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. మరుసటి ఏడాది ఆయన దగ్గర చేరిన కుర్ర డాక్టరు జోనాస్ సాల్క్, తర్వాత పోలియో టీకాతో లోకమంతా తెలిసినవాడు. యుద్ధకాలంలో సైన్యం కోసం వీళ్లు ఫ్లూ టీకాను పరీక్షించారు. ఈ కథలో మచ్చ కూడా ఉంది: ఇప్సిలాంటిలోని మానసిక చికిత్సాలయం రోగులకు టీకా వేసి, కొన్ని నెలల తర్వాత కావాలనే వైరస్‌ను ఎక్కించారు. అక్కడివాళ్లలో కొందరికి ఒంట్లో ఎలా ఉందో చెప్పుకునే శక్తే లేదు. ఇక సమ్మతి మాటెక్కడిది? విశ్వవిద్యాలయం గొప్పలు చెప్పేటప్పుడు దీన్ని దాటేయడం నాకు నచ్చదు.

ఫ్రాన్సిస్ చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది 1959లో మొదలైంది. ఆన్ ఆర్బర్‌కు నైరుతిగా టెకమ్సే అనే చిన్న ఊరుంది. ఊరు మొత్తాన్నీ పరిశీలించాలని ఆయన బృందం ఇంటింటికీ వెళ్లింది. 8 వేలమందికి పైగా వచ్చి పరీక్షలు చేయించుకున్నారు. 1965 నుంచి కొన్ని కుటుంబాలకు వారం వారం ఫోన్ చేసి, ఇంట్లో ఎవరికైనా జలుబుందా, దగ్గుందా, ఎన్నాళ్లనుంచి అని అడిగి రాసుకునేవారు. పాలవాడి లెక్కలా ఏళ్ల తరబడి సాగిన ఆ రాతకోతల్లో ఒక సంగతి తేలింది. బడిపిల్లలే రోగాన్ని ఇంటికి మోసుకొస్తారు.

1968లో హాంకాంగ్ ఫ్లూ వచ్చింది. టీకా కొత్తది, దొరికేదే కొద్ది. అందరూ ముసలివాళ్లకు వేయాలంటుంటే, ఆర్నాల్డ్ మాంటో అనే యువ పరిశోధకుడూ ఆయన సహచరులూ టెకమ్సే బడిపిల్లలకు వేశారు. నూటికి 85 మంది పిల్లలు చెయ్యి చాపారు. ఏ తల్లయినా ముక్కూమొహం తెలియని ప్రొఫెసరు మాట విని పిల్లాణ్ని సూదికి పంపుతుందా? వీళ్లు దాదాపు పదేళ్లుగా గుమ్మం ఎక్కిన మనుషులు కాబట్టి పంపింది. మహమ్మారికి సిద్ధపడటమంటే నా లెక్కలో ఆ పదేళ్లే.

పోల్చి చూడటానికి పక్కనే ఏడ్రియన్ అనే ఊరుంది. అక్కడి పిల్లలకు అలా వేయలేదు. ఆ చలికాలం ఫ్లూ విజృంభించినప్పుడు, టెకమ్సేతో పోలిస్తే ఏడ్రియన్‌లో దగ్గు జ్వరాలు మూడింతలు కనిపించాయి. టెకమ్సేలో సూది పడని పెద్దవాళ్లు కూడా తక్కువగా మంచం పట్టారు.

ఈ ఫలితాలు 1970లో అచ్చయ్యాయి. బడిపిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించమని అమెరికా ప్రభుత్వ సలహా సంఘం సిఫారసు చేసింది మాత్రం 2008లో.