వ్యక్తిగత పోషణ (ఇస్నాపూర్–పటాన్‌చెరు ప్రాంతం)

మనిషి వయసు, పుట్టుక, ఉన్న జబ్బు, వాడే మందులు, చేసే పని, అలవాటైన ధాన్యం చూసుకుని తిండిని నిర్ణయించడమే వ్యక్తిగత పోషణ. మధుమేహం, రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులను రాకుండా చూడటానికీ, వచ్చినవాటిని అదుపులో పెట్టడానికీ దీన్ని వాడతారు. జన్యుపరీక్షలు వచ్చాకే ఇది మొదలైందనుకుంటారు గానీ, హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే హైవే వెంట దీని చరిత్ర అంతకంటే పాతది. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ కర్మాగారం, ఇక్రిశాట్ పంటల పరిశోధనా సంస్థ, పటాన్‌చెరు, ఇస్నాపూర్, పక్కనే పాశమైలారం పారిశ్రామికవాడ: పల్లె వదిలి వచ్చిన కార్మికుడూ, అతను వదిలేసిన జొన్న మీద పరిశోధనా ఒకే దారిలో ఉన్న చోటిది.

తొలి అధ్యాయం జాతీయ పోషకాహార సంస్థది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో మొదలుపెట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు మారింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. దక్కన్‌లో జొన్నే ఆధారమైన పేదల్లో అప్పట్లో నయాసిన్ (బి3 విటమిన్) లోపంతో వచ్చే పెలాగ్రా కనిపించేది. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు రేగేది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటం వల్ల శరీరం నయాసిన్‌ను సరిగా వాడుకోలేకపోవచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. పప్పు, పాలు, కూరలతో కలిపి జొన్నరొట్టె తినే ఇంట్లో ఈ జబ్బు అరుదు. ఏ ధాన్యం మంచిది అన్న ప్రశ్నకు, అది తినేవాళ్ల పళ్లెంలో ఇంకేముందో చూడకుండా జవాబు లేదని అప్పుడే తేలింది. చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసేవాళ్లు ఈ అధ్యాయాన్ని దాటేయకూడదు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక పేదింట పూటపూటా అన్నం ఉడికింది. అది ఆకలి తీర్చింది, కాదనలేం. జొన్నగటక, సజ్జరొట్టె మాత్రం వెనక్కి తగ్గాయి. అదే ఏడాది జహీరాబాద్ ప్రాంతంలో పుట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఎక్కువగా దళిత మహిళలున్న సంఘాలు బీళ్లను సాగులోకి తెచ్చి, పండిన జొన్నను ఊళ్లోని పేదలకే చౌకగా పంచే ఏర్పాటు చేసుకున్నాయి. ఈ సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి దక్కింది.

హైదరాబాద్ పరిసరాలు లోకానికి ఇచ్చిన అసలైన ఆధారం రెండు అధ్యయనాల్లో ఉంది. మొదటిది హైదరాబాద్ పోషకాహార ప్రయోగం. 1987–90 మధ్య నగరం చుట్టుపక్కల 29 పల్లెల్ని తీసుకుని, కొన్నిటిలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న-సోయా మిశ్రమంతో వండిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక 2003–05లో మళ్లీ పరీక్షించారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు కాస్త పొడవుగా ఉన్నారు, ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉంది, ధమనుల బిరుసు కూడా తక్కువే. మధుమేహ నివారణ తల్లి పళ్లెం దగ్గరే మొదలవుతుందన్న వాదానికి ఇది బలాన్నిస్తుంది.

రెండోది 2005–07 నాటి భారత వలస అధ్యయనం. దానికి ఎంచుకున్న నాలుగు కర్మాగారాల్లో హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్ ఒకటి. పల్లె నుంచి వచ్చిన కార్మికులనూ వాళ్ల జీవిత భాగస్వాములనూ, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులతో పోల్చారు. ఒక్క తల్లి బిడ్డలే కాబట్టి వంశం చాలావరకు ఒకటే, బతుకు వేరు. నాలుగు నగరాల లెక్కలు కలిపి చూస్తే పురుషుల్లో మధుమేహం పల్లెలో 6.2 శాతం, వలస వచ్చినవారిలో 14.3, నగరవాసుల్లో 13.5. స్థూలకాయం పల్లెలో 19, వలస వచ్చినవారిలో 37.8 శాతం. నగరానికి వచ్చిన తొలి ఏళ్లలోనే ఒంటి కొవ్వు వేగంగా పెరుగుతుందని, మిగతా ముప్పులు నెమ్మదిగా వస్తాయని కూడా తేలింది. అంటే, సలహా అందాల్సిన సమయం వచ్చిన కొత్తలోనే.

1972లో మొదలైన ఇక్రిశాట్ మొదట్లో దిగుబడి, కరవు మీద దృష్టి పెట్టింది, పోషణ తర్వాత వచ్చింది. ఆ సంస్థ నాయకత్వంలో 2021లో వెలువడిన సమీక్ష, చిరుధాన్యాల సగటు గ్లైసిమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే సూచిక) 52.7 అని, మధుమేహులు క్రమం తప్పక తింటే పరగడుపు చక్కెర 12 శాతం, భోజనానంతర చక్కెర 15 శాతం తగ్గాయని లెక్కగట్టింది. అన్నం మానలేనివారి కోసం రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తెలంగాణ సోనా వరి రకం ఉంది. దాని ఇండెక్స్ సుమారు 51.

ఇవన్నీ సగటులు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2015లో 800 మందిని పరీక్షించి, ఒకే ఆహారానికి ఒక్కొక్కరి చక్కెర ఒక్కోలా పెరుగుతుందని చూపింది. పాశమైలారంలో రాత్రి షిఫ్టు చేసే కార్మికుడి విషయంలో మందు వేళ, భోజనం వేళ కూడా తేడా తెస్తాయి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. మాత్ర వేళ, టిఫిన్ డబ్బా వేళ షిఫ్టుతో పాటు మారాలి, అదీ డాక్టర్‌తో మాట్లాడాకే. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుని రాసిపెట్టుకుంటే ఏ ధాన్యం తనకు పడుతుందో ఎవరికి వారికి తెలుస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మాత్రం లెక్క వేరు. పొటాషియం, ఫాస్ఫరస్ రక్తపరీక్ష చూశాకే పప్పు, ఆకుకూర, చిరుధాన్యం ఎంతెంత అన్నది నిర్ణయిస్తారు.